ఇంటిలో మూడవ ప్రాణి

హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున ఉప్పల్, నాచారము అను రెండు పేటలు కలవు. ఒకప్పుడవి పొలముల నడుమ, చెరువుల ప్రక్కన ఉండిన పల్లెలు. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున నాచారమున కర్మాగారములు వెలసినవి. 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థ ఉప్పల్ రహదారిపై నెలకొన్నది. 2017 నవంబరులో మెట్రో రైలు ఉప్పల్‌కు వచ్చినది. వరంగల్లు నుండి వచ్చు బస్సులు ఉప్పల్ చౌరస్తా మీదుగా నగరమున ప్రవేశించును. ఇంత సందడి నడుమను నాచారపు లోపలి సందులలో పాత ఇండ్లు కొన్ని మిగిలియున్నవి. ముందొక చిన్న వసారా, వాకిట నొక వేపచెట్టు, గేటు ప్రక్కన నీళ్ల తొట్టి — ఆ ఇండ్ల తీరు ఇది.

అట్టి ఇంట ఒక వృద్ధదంపతులు కాపురముండిరి. ఆయన నాచారములోని ఒక కర్మాగారమున ముప్పదిరెండేండ్లు ఫిట్టరుగా పనిచేసి విరమించినవాడు. ఆమె ఇంటిపని చూచుకొనుచు, ఇరుగుపొరుగు ఆడపిల్లలకు కుట్టుపని నేర్పెడిది. ఒక్కగానొక్క కుమార్తె అత్తవారింట కరీంనగరులో నుండెను. ఇంటిలో మూడవ ప్రాణి మోతి యను కుక్క. 2011వ సంవత్సరపు వానకాలమున కర్మాగారపు గేటువద్ద తడిసి వణకుచున్న కుక్కపిల్లను ఆయన సంచిలో పెట్టుకొని తెచ్చెను. “ఈ రాత్రికి దీనికింత తిండి పెట్టు, తెల్లవారిన పంపివేయుదము” అని భార్యతో అనెను. ఆ తెల్లవారుట పండ్రెండేండ్లు రాలేదు.

2023వ సంవత్సరమున ఉగాది గడచిన వారమునకు, ఒకనాటి వేకువ ఆమె టీ గిన్నె దింపబోయి, కుడిచేయి లేవక నేలపై కూలెను. నోరు ఒక ప్రక్కకు లాగుకొనిపోయెను. ఆ చప్పుడునకు మొదట లేచినది మోతి. అది మొరగి మొరగి వసారాలో నిద్రించుచున్న ఆయనను లేపెను. పొరుగింటి యువకుడు పరుగున పోయి ఆటో తెచ్చెను. మెదడులోని నాళమున రక్తపుగడ్డ అడ్డుపడుట వలన వచ్చు పక్షవాతమునకు ఆ గడ్డను కరిగించు మందు కలదు. దానిని నాలుగున్నర గంటల లోపల ఇయ్యవలెను. వారు వేళకు ఆసుపత్రి చేరిరి. ప్రాణము దక్కెను. కాని కుడికాలు, కుడిచేయి, మాట — ఈ మూడును ఆమె వశము తప్పినవి.

మాట పోయినంత మాత్రమున తెలివి పోదు. ఈ సంగతి లోకమునకు తెలిసి చాలకాలమైనది. 1861లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు పాల్ బ్రోకా ఒక రోగిని పరీక్షించెను. ఆ రోగి ఇతరుల మాటలు గ్రహించెడివాడు. కాని ఏమి చెప్పబోయినను ‘టాన్’ అను ఒక్క శబ్దమే వెలువడెడిది. అతడు మరణించిన పిదప మెదడును చూడగా, ఎడమవైపు ముందుభాగము చెడియుండెను. పలుకునకు ఆధారమైన చోటు అదియని బ్రోకా నిర్ణయించెను. శరీరపు కుడిభాగమును నడపునది కూడ మెదడు ఎడమభాగమే. కావుననే ఈమెకు కుడికాలుసేతులతో పాటు పలుకును దెబ్బతినెను. ఆమె అంతయు వినుచుండెను, అంతయు గ్రహించుచుండెను, చెప్పలేకుండెను.

ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చుటతో జబ్బు తీరలేదు; అసలు శ్రమ అప్పుడే మొదలాయెను. మెదడులో చెడిన కణములు మరల మొలవవు. కాని చెడని భాగములు అభ్యాసము వలన ఆ పనిని కొంత నేర్చుకొనును. ఒక్కొక్క కదలికను వందలమారులు చేయవలెను. మొదటి మూడు నెలలలో గుణము త్వరగా కనబడును, ఆరు నెలల పిదప నెమ్మదించును, అయినను ఆగిపోదు. వారమునకు మూడుమారులు వ్యాయామము చేయించుటకు ఒక యువతి ఇంటికి వచ్చుచుండెను. మంచము నుండి వసారా గడపకు పండ్రెండడుగులు. ఉదయము నాలుగుమారులు, సాయంకాలము నాలుగుమారులు ఆమె ఆ పండ్రెండడుగులు నడువవలెను.

భర్త ఆమె ఎడమచేయి పట్టుకొనెడివాడు. కుడిప్రక్కన మోతి నడచెడిది. అదియు ముసలిది, వెనుకకాళ్లు బిగిసియుండెను. ఒకరి నెమ్మది మరియొకరికి సరిపోయెను. గడప చేరిన తరువాత ఆమె కుడిచేతి వ్రేళ్లనడుమ ఒక బిస్కత్తుముక్క నుంచి, దానిని మోతికి ఇయ్యవలెనని ఆ యువతి ఏర్పాటుచేసెను. పట్టుకొనుటయు విడుచుటయు చేతికి మరల నేర్పుటకు అదియొక ఉపాయము. బిగిసిన వ్రేళ్లు ఎంతకును విడివడెడివి కావు. మోతి లాగుకొనెడిది కాదు. వ్రేళ్లు తెరచుకొనువరకు తలయెత్తి నిలిచెడిది. మూడవ నెల చివరకు ఆ వ్రేళ్లు కొంత వశమాయెను. ‘నీళ్లు’, ‘చాలు’, ‘మోతి’ అను మాటలు కూడ నోట పలికినవి.

జులై నెలలో మోతి తిండి మానెను. మూత్రపిండములు చెడినవని పశువైద్యుడు చెప్పెను. ఐదుదినములు సెలైను ఎక్కించిరి. ఆరవదినము తెల్లవారుజామున, ఆమె నిద్రలో నుండగా, అది వసారాలో కన్నుమూసెను.

ఆయన పొరుగింటి ఆడపడుచును భార్యకు తోడుంచి, మోతిని పాతదుప్పటిలో చుట్టి ఆటోలో కూర్చుండెను. నాగోలు దాటిన పిదప ఫతుల్లాగూడలో నగరపాలకసంస్థ వారి పెంపుడుజంతువుల దహనవాటిక కలదు. ఆటో ఉప్పల్ చౌరస్తాకు వచ్చి ఆగెను. అచ్చట 2023 జూను నెలలోనే తెరచిన పాదచారుల వంతెనపై జనులు వడివడిగా నడచిపోవుచుండిరి. ఇందరికింత సులభమైన నడక తన ఇంట ఇంత కష్టమైనదే యని ఆయనకు తోచెను. మూసీ వంతెన దాటునప్పుడు ఆయన చేయి దుప్పటిపైననే యుండెను. అయినను కన్నీరు రాలేదు. పదిగంటలకు భార్యకు మందు ఇయ్యవలెను. పదునొకండు గంటలకు వ్యాయామపు యువతి వచ్చును. ఏడ్చుటకు వేళ లేకపోయెను.

ఇల్లు చేరి, “మోతిని ఆసుపత్రిలో ఉంచుకొనిరి. నయమైన తరువాత తెచ్చెదను” అని భార్యతో చెప్పెను. ఈ స్థితిలో ఆమె మరియొక దెబ్బ ఓర్వలేదని ఆయన భయము. ఆమె ఆయనవైపు కొంతసేపు చూచి, తల త్రిప్పుకొనెను.

సంగతి తెలిసినవారు ఆయనను ఓదార్చిరి. “అన్నా, వదిన బ్రతికినది, అది చాలు. కుక్కదేమున్నది, మరియొకదానిని తెచ్చుకొనవచ్చును” అనిరి. వారిది చెడుతలంపు కాదు. ఆయనయు తనకు తాను అట్లే చెప్పుకొనెను. గోరుచుట్టుపై రోకటిపోటు అను సామెత మనకు కలదు. అయితే రోకటిపోటు తిన్నవానికి గోరుచుట్టు నొప్పి యుండరాదని లోకము తలచును. నొప్పి అట్లు లెక్క చూచుకొని రాదు. రాత్రులందు గేటు కదలినపుడెల్ల ఆయన మోతి యనుకొని లేచెడివాడు. లేచినందుకు సిగ్గుపడి మరల పండుకొనెడివాడు.

ఆ వారము నుండి ఆమె నడక తగ్గెను. పండ్రెండడుగులలో ఆరవ అడుగుననే నిలిచిపోయెడిది. బిస్కత్తుముక్క వ్రేళ్లనడుమ నుంచినచో నేలపై జారవిడిచెడిది. ఉన్న మూడు మాటలును మానెను. పక్షవాతము వచ్చినవారిలో సుమారు మువ్వురిలో ఒకరిని మనోవ్యాకులత పట్టుకొనుననియు, అది అభ్యాసమును చెరచుననియు ఆ యువతి హెచ్చరించెను. “ఈ నెలలు విలువైనవి, బాబాయిగారూ. పిన్నిగారి మనస్సులో ఏమున్నదో తెలిసికొనుడు” అనెను. ఆయనకు తోచినదేమియు లేదు. మందుల వేళలను ఇంకను జాగ్రత్తగా పాటించెను. ఆమెకిష్టమైన పెసరపప్పు చారు చేసెను. మోతి మాట మాత్రము ఎత్తలేదు.

ఒకనాటి రాత్రి భోజనమైన తరువాత, ఆయన గిన్నెలో మిగిలిన పెరుగన్నమును అలవాటు చొప్పున ముద్దచేసి, పట్టుకొని వసారాలోనికి నడచెను. మోతి గిన్నె ఉండెడి చోట వంగెను. అచ్చట గిన్నె లేదు. తానే దానిని అటుకపై దాచియుండెను. ముద్ద చేతిలో నుండగనే ఆయన నిలిచిపోయెను. మంచము నుండి ఆమె చూచుచుండెను. పెదవులు చాలసేపు పెనగులాడెను. తుదకు, “మోతి... లేదు” అనెను.

ఆయన వెనుదిరిగి చూచెను. ఆమె ఎడమచేతితో గోడవైపు చూపెను. అచ్చట మేకునకు మోతి గొలుసు వ్రేలాడుచుండెను. ఆసుపత్రికి పోయిన కుక్క గొలుసు లేక పోవునా? మొదటిదినముననే ఆమె గ్రహించెను. భర్త దాచుచున్నాడు గనుక, ఎరిగినట్లు తెలిసిన ఆయన మరింత క్రుంగునని ఆమెయు దాచెను. ఒకరిని కాపాడవలెనని మరియొకరు, ఇరువురును ఒకే దుఃఖమును వేరువేరుగా మోసిరి. ఆయన మంచము ప్రక్కన చతికిలబడెను. మూసీ వంతెనపై రాని కన్నీరు అప్పుడు వచ్చెను. ఆమె ఎడమచేయి ఆయన తలపై నుంచెను. కొంతసేపటికి వణకుచు కుడిచేయియు వచ్చి చేరెను.

నోరులేని జంతువునకై ఇంత దుఃఖమా యని అడుగువారు కలరు. 1914లో జర్మనీ దేశమున బాన్ నగరము చెంత, ఓబర్‌కాసెల్ అనుచోట రాళ్లు త్రవ్వు కూలీలకు ఒక పాతసమాధి బయటపడెను. సుమారు పదునాలుగువేల యేండ్ల నాటి ఆ సమాధిలో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితో ఒక కుక్క యుండిరి. ఆ కుక్క దంతములను పరిశోధించి 2018లో పండితులొక సంగతి ప్రకటించిరి. అది సుమారు ఏడునెలల పిల్ల. అంతకుముందే డిస్టెంపరు అను ప్రాణాంతకమైన జబ్బు పడినది. మనుష్యులు పరిచర్య చేయనిచో అన్నివారములు బ్రతికియుండెడిది కాదు. వేటలో సాయపడలేని రోగిష్ఠి పిల్లకు, ఊరును పొలమును ఎరుగని ఆ కాలపు మనుష్యులు సేవ చేసిరి. తమవారితో పాటు దానిని పూడ్చిరి.

మన మహాభారతమున మహాప్రస్థానిక పర్వము కలదు. దానిని తెనుగు చేసినవాడు తిక్కన. ధర్మరాజు కన్నులయెదుట ద్రౌపది కూలెను. నలుగురు తమ్ములును ఒకరి వెనుక నొకరు కూలిరి. వెంట మిగిలినది ఒక కుక్క. ఇంద్రుడు రథము తెచ్చి, కుక్కను విడిచి ఎక్కుమనగా ధర్మరాజు ఒప్పుకొనలేదు. భార్యను, సోదరులను పోగొట్టుకొనినవానికి కుక్క యెంత యని ఆయన అనుకొనలేదు. పెద్ద దుఃఖము చిన్నదానిని చిన్నచూపు చూడనీయలేదు. ఆ కుక్క ధర్మదేవతయని తెలిసినది తరువాతి మాట. విడువనన్నప్పుడు ఆయనకు అది వట్టి కుక్కయే.

మరునాడు ఆయన అటుకపై నుండి గిన్నె దింపి, కడిగి, వేపచెట్టు క్రింద నుంచెను. పక్షులకు, వీథికుక్కలకు అందు నీరు పోయుట ఆమె పనియాయెను. గడప దాటి చెట్టు చేరుటకు పండ్రెండడుగులు చాలవు, పందొమ్మిది కావలెను. తొలిదినములలో ఎడమచేతితో, ఆ తరువాత రెండు చేతులతో చెంబు పట్టెను. సగము నీరు దారిలో ఒలికెడిది. జబ్బు అద్భుతముగా మాయము కాలేదు. ఏడాదిన్నర గడచిన పిదప ఆమె చేతికర్రతో సందు చివరి కిరాణాకొట్టు వరకు పోయి రాగలిగెను. సూదిలో దారమెక్కించుట మాత్రము కుడిచేతికి రాలేదు. పిల్లలు ఎక్కించి ఇయ్యగా నోటిమాటతోనే కుట్టు నేర్పెను. ఆ మాటలును నెమ్మదిగా, ఏరుకొనినట్లు వచ్చెడివి. మోతి సంగతి వచ్చినపుడు ఇరువురును ఇప్పుడు దాచుకొనరు. ఒక్కొక్కపుడు నవ్వుదురు, ఒక్కొక్కపుడు ఊరకుందురు.

ప్రతి వీథిలోను ఇట్టి ఇల్లొకటి యుండును. రోగిని చూడబోవువారు పండ్లు తీసికొనిపోవుదురు. రోగి ఎట్లున్నదని అడుగుదురు. మంచిదే. సేవ చేయువారిని కూడ ఒక ప్రక్కన కూర్చుండబెట్టి, వారెట్లున్నారని అడుగవలెను. ఆ ఇంట మరియొక ప్రాణి పోయియున్నచో దాని పేరును తలచుకొనవలెను. వారు చెప్పునది తొందరపడక వినవలెను. ఖర్చు లేని ఆ పనిని ఎనిమిదవ తరగతి చదువు పిల్లవాడును చేయగలడు.