కోడలు పెట్టిన కనెక్షను

కనెక్షను అనే మాట మన ఆడవాళ్ళకి కొత్తదేం కాదు. 1980ల్లో కాపురాలు పెట్టిన వాళ్ళనెవరినైనా అడిగి చూడండి. గ్యాసు కోసం పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళం. టెలిఫోనుకైతే, దరఖాస్తు పెట్టిన సంగతి మనమే మరిచిపోయాక ఓ శుభముహూర్తాన లైన్‌మన్ వచ్చి తలుపు తట్టేవాడు. కరెంటు, కుళాయి, కేబులు టీవీ, అన్నిటిదీ ఒకటే తంతు. వచ్చేదాకా ప్రాణం తీస్తుంది. వచ్చాక అదొకటి ఉందన్న ధ్యాసే ఉండదు.

ఈ మధ్య మా ఇంట్లో ఇంకో రకం కనెక్షను వచ్చి చేరింది. జావా ప్రోగ్రాముకీ డేటాబేసుకీ మధ్య పెట్టేది. పేరు విని పేజీ తిప్పెయ్యకండి. మీ ఇంట్లోనూ కొడుకో కూతురో అల్లుడో ఈ పని చేసే రకమే అయివుంటారు. "ఏం పనిరా నాన్నా నువ్వు చేసేది?" అంటే "సాఫ్ట్‌వేరమ్మా" అని ఊరుకుంటారు. వంటచేసే మనిషిని ఏం చేశావంటే "వంట" అన్నట్టు! పప్పో పులుసో చెప్పొద్దూ?

మా కోడలు అలా కాదు. అడిగితే చెబుతుంది. పెళ్ళికి ముందు అమీర్‌పేటలో, మైత్రీవనం పక్క సందుల్లో జావా నేర్చుకుని నాలుగేళ్ళు ఉద్యోగం చేసింది. పాప పుట్టాక మానేసింది. మూడేళ్ళయింది. ఆ మూడేళ్ళనీ ఉద్యోగాల వాళ్ళు "గ్యాప్" అంటారట. రాత్రుళ్ళు నిద్రల్లేకుండా పిల్లని పెంచితే దాని పేరు ఖాళీ! సరే, ఎన్నో చోట్లకి రాయగా రాయగా ఒక కంపెనీ వాళ్ళు, "అయిదు రోజుల్లో చిన్న వెబ్ అప్లికేషను చేసి పంపండి, బాగుంటే పిలుస్తాం" అన్నారు. మా అపార్టుమెంటు ఆడవాళ్ళం ఒక బీరువాలో నవలలూ వారపత్రికలూ పెట్టుకుని ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటాం. ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో చెప్పే లెక్క చేస్తానంది. పాపని ఒళ్ళో వేసుకుని ఆ పిల్ల కుర్చీ వెనకాల నేనూ కూర్చున్నాను.

విషయం ఏమిటంటే, తెర మీద మనకి కనబడే పేజీ నడిపేది జావా ప్రోగ్రాము. పుస్తకాల పట్టిక దాచుకునేది డేటాబేసు. ఈ రెండూ వేరు వేరు సంసారాలు. ఒకదాని భాష ఇంకోదానికి రాదు. పైగా డేటాబేసులు ఒరాకిల్ అనీ, మైఎస్‌క్యూఎల్ అనీ, పోస్ట్‌గ్రెస్ అనీ రకరకాలు. అందుకని జావా వాళ్ళు 1997లో జేడీబీసీ అని ఒక కట్టుబాటు చేశారు. జావా ఎప్పుడూ ఒకే తీరుగా మాట్లాడుతుంది. దాన్ని ఆయా డేటాబేసు యాసలోకి మార్చి చెప్పడానికి మధ్యవర్తి ఒకడుంటాడు. వాడి పేరు డ్రైవరు. వాడు జార్ అనే ఫైల్లో వస్తాడు. ఆవకాయ జాడీ కాదు సుమండీ.

మా కోడలు పెట్టుకున్నది మైఎస్‌క్యూఎల్. మై అంటే "నాది" అనుకునేరు. అది తయారుచేసిన వాళ్ళలో ఒకాయన ఫిన్లండు దేశస్థుడు, మైకేల్ విడేనియస్ అని. ఆయన పెద్దకూతురి పేరే "మై". తరవాత 2009లో దాన్నుంచే ఇంకో డేటాబేసు తీసి, చిన్నకూతురి పేరు మీద మరియాడీబీ అన్నాడు. ఆడపిల్లల పేర్లు ప్రపంచమంతా కంప్యూటర్లలో మోగిపోతున్నాయన్న మాట. నాకు ఆ తండ్రి మీద మంచి అభిప్రాయం కలిగింది.

ఇక చిరునామా. పోస్టు కవరు మీద రాసినట్టే ఉంటుంది. ముందు జేడీబీసీ అని, తరవాత ఏ రకం డేటాబేసో, తరవాత ఏ యంత్రంలో ఉందో, తలుపు నెంబరు, చివర పట్టికలుండే డేటాబేసు పేరు. మైఎస్‌క్యూఎల్‌కి మామూలుగా తలుపు నెంబరు 3306. పోస్ట్‌గ్రెస్‌కి 5432. ఒక్క అంకె తప్పినా ఉత్తరం చేరదు.

మొదటి రోజంతా ఉత్తరం చేరనేలేదు. డ్రైవరు దొరకలేదని తెర మీద గజం పొడుగు ఇంగ్లీషు. మా కోడలు డ్రైవరుని తన అప్లికేషను ఫోల్డర్లో పెట్టింది. కనెక్షను తెరిచేది మాత్రం అప్లికేషను కాదట, దాన్ని నడిపే టామ్‌క్యాట్ అనే సర్వరట. టామ్‌క్యాట్ అంటే గండుపిల్లి. పిల్లి ఇంట్లో, దాని సొంత లిబ్ ఫోల్డర్లో పెట్టాలి ఆ జార్‌ని. పెట్టి మళ్ళీ మొదలెట్టగానే కనెక్షను వచ్చింది. ఆ పిల్ల మొహంలో ఎన్నాళ్ళకో నవ్వు చూశాను.

రెండో రోజు పాస్‌వర్డు గొడవ. మావాడు ఆఫీసు నుంచి వచ్చి చూసి, "ప్రోగ్రాములోనే రాసెయ్యి. రూట్ యూజరు పెట్టేస్తే ఏ పేచీ ఉండదు" అన్నాడు. రూట్ అంటే సర్వాధికారి. పట్టికలన్నీ చెరిపెయ్యగలడు కూడా. కోడలు ఒప్పుకోలేదు. ప్రోగ్రామన్నది నలుగురి చేతుల్లోకి వెళ్ళేది, అందులో పాస్‌వర్డు రాస్తే తాళంచెవి గుమ్మానికి వేలాడదీసినట్టేనంది. ఈ అప్లికేషను కోసం వేరే ఒక యూజరుని పెట్టి, పుస్తకాల పట్టికలు చూడ్డానికీ రాయడానికీ మాత్రం హక్కిచ్చింది. పాస్‌వర్డు టామ్‌క్యాట్ సొంత ఫైల్లో ఉంచింది. ప్రోగ్రాము "పుస్తకాల కనెక్షను ఇవ్వు" అని పేరు పెట్టి అడుగుతుంది అంతే. చిరునామా, తాళం సంగతులు దానికి తెలియవు. నాకు కోడలి పద్ధతే నచ్చింది. పాలవాడికి బీరువా తాళాలిచ్చే ఇల్లాలు ఎక్కడైనా ఉందా?

అసలు కథ పూల్ దగ్గరుంది. కనెక్షను తెరవడం చవకైన పని కాదట. యంత్రం యంత్రాన్ని పలకరించాలి, పేరూ పాస్‌వర్డూ సరిచూసుకోవాలి, డేటాబేసు వాడి కోసం కాస్త చోటు కేటాయించాలి. "ఈ పుస్తకం ఉందా?" అన్న చిన్న ప్రశ్నకి పట్టే టైము కంటే ఈ మర్యాదలకే ఎక్కువ పట్టొచ్చు. అందుకని కొన్ని కనెక్షన్లు ముందే తెరిచి సిద్ధంగా ఉంచుతారు. అదే పూల్. పెళ్ళిలో మంచినీళ్ళ గంగాళం దగ్గర ఎనిమిది గ్లాసులు పెట్టినట్టు. మూడొందల మంది చుట్టాలొచ్చినా ఎనిమిది గ్లాసులతో నడిచిపోతుంది, తాగినవాడు తాగినట్టు గ్లాసు తెచ్చి అక్కడ పెడితే. ఒకాయన గ్లాసు పట్టుకుని అరుగు మీదికి వెళ్ళి కుర్చీ కింద వదిలేశాడనుకోండి. ఏడు మిగిలాయి. అలాంటి పెద్దమనుషులు ఎనిమిది మంది తేలితే, గంగాళం నిండా నీళ్ళుంటాయి, జనం గొంతులెండి నిలబడతారు.

టామ్‌క్యాట్ మామూలుగా ఇచ్చే పూల్‌లో ఒకేసారి వాడుకోవడానికి సరిగ్గా ఎనిమిది గ్లాసులే. మనం గడువు పెట్టకపోతే తొమ్మిదోవాడు ఎంతసేపైనా అలా నిలబడే ఉంటాడు. హికారి అని ఇంకో పూల్ ఉంది, దాంట్లో పది. అది ముప్ఫై సెకన్లు చూసి, లేదు పొమ్మంటుంది. నన్నడిగితే అదే నయం. లేదన్న మాటయినా ముఖాన చెబుతుంది.

నాలుగో రోజు రాత్రి అంతా అయిపోయింది, తెల్లారి పంపడమే అనుకున్నాం. "ఒకసారి మీరు వాడి చూడండి అత్తయ్యగారూ" అంది. నేను చిన్నప్పుడు సీరియల్‌గా చదివిన నవల ఒకటి కొట్టాను. లేదంది. రచయిత్రి పేరు కొట్టాను. లేదంది. స్పెల్లింగు మార్చి మార్చి కొడుతూ పోయాను. తొమ్మిదోసారి పేజీ గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. ఉన్న పుస్తకం అడిగినా అదే తిరుగుడు.

మావాడు లేచివచ్చి, టామ్‌క్యాట్‌ని ఆపి మళ్ళీ మొదలెట్టాడు. బ్రహ్మాండంగా పనిచేసింది. "చూశావా, ఏం లేదు. పంపించేసి పడుకో" అన్నాడు. కోడలు కదల్లేదు. "రీస్టార్ట్ చేస్తే గ్లాసులన్నీ కొత్తవి వస్తాయి కదా. ఇందాకటివి ఎక్కడికి పోయాయో తెలియాలి" అంది. "కంపెనీ వాళ్ళు తొమ్మిదిసార్లు నొక్కుతారా ఏమిటి?" అన్నాడు వాడు. నొక్కకపోవచ్చు. మూడేళ్ళుగా ఇంట్లో కూర్చున్న మనిషికి ఇంకా చేతనవునా అని చూసేవాళ్ళు మాత్రం నొక్కరని ఏం నమ్మకం? ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ, ఆ పిల్ల కళ్ళల్లో అదే ఉంది. నేను పాపని తీసుకుని అవతల గదిలోకి వెళ్ళిపోయాను.

రాత్రి రెండింటికి దొరికింది. పుస్తకం ఉంటే ప్రోగ్రాము వివరాలు చూపించి, కిందికి వచ్చి, కనెక్షను క్లోజ్ చేస్తోంది. పూల్‌లో క్లోజ్ అంటే మూసెయ్యడం కాదు లెండి, తిరిగిచ్చెయ్యడం. పుస్తకం లేకపోతే మాత్రం "లేదు" అనేసి మధ్యలోనుంచే వెళ్ళిపోతోంది. క్లోజ్ అన్న వరస దాకా రావడమే లేదు. లేని పుస్తకం అడిగినప్పుడల్లా ఒక గ్లాసు కుర్చీ కిందికి పోయిందన్న మాట. తను ఒక్కతే కూర్చుని ఉన్న పుస్తకాలు అడిగినన్నాళ్ళూ అంతా సవ్యంగానే కనబడింది.

దీనికి జావాలోనే మంచి ఏర్పాటుంది. 2011లో జావా 7తో వచ్చింది, ట్రై విత్ రిసోర్సెస్ అంటారు. కనెక్షను తీసుకోవడమే దాని కుండలీకరణాల్లో రాస్తే, పని సజావుగా ముగిసినా, మధ్యలో వెళ్ళిపోయినా, తప్పు దొర్లి తలకిందులైనా, బయటికొచ్చేటప్పుడు దానంతటదే తిరిగిచ్చేస్తుంది. మా కోడలు అన్నిచోట్లా అలా మార్చి, తొమ్మిదోవాడు పది సెకన్లకి మించి నిలబడకుండా గడువు కూడా పెట్టింది. తెల్లవారుజామున లేని నవల కోసం నేను ముప్ఫైసార్లు అడిగాను. ముప్ఫైసార్లూ లేదని మర్యాదగా చెప్పింది.

ఇంకో ముచ్చట కూడా చెప్పింది. మైఎస్‌క్యూఎల్ తనతో ఎనిమిది గంటలు పలక్కపోతే కనెక్షను తెంపేస్తుందట. రాత్రి ఆఫీసు కట్టేసి పొద్దున్నే వచ్చేసరికి పూల్‌లో అన్నీ ప్రాణంలేని కనెక్షన్లు, మొదట వచ్చినవాడికి ఎర్రరు. అందుకని ఇచ్చే ముందు పూల్ ఒక్కసారి, "ఉన్నావా?" అని అడిగి మరీ ఇచ్చేటట్టు చేసుకుంటారు. ఇరుగుపొరుగుతో కూడా అంతేగా.

ఆ ఉదయమే పంపింది. వారం తిరక్కుండా వీడియోలో ఇంటర్వ్యూ. గ్యాప్ గురించే ఎక్కువసేపు అడిగారట. కనెక్షను గురించి ఒకే ప్రశ్న: "మధ్యలో తప్పు వస్తే మీ కనెక్షను ఏమవుతుంది?" దీనికి మా కోడలు తడుముకోకుండా చెప్పడం పక్కగదిలో నాకు వినబడింది. ఉద్యోగం వచ్చింది. జీతం మానేసిననాటి కంటే కాస్త తక్కువే. మావాడు గొణిగాడు గానీ, ఆ పిల్ల చేరతానంది. పగలు పాప నా దగ్గరే.

అపార్టుమెంటులో ఇప్పుడు పుస్తకాలన్నీ ఆ లెక్కలోనే నడుస్తున్నాయి. మూడో అంతస్తు ఆవిడ తీసుకెళ్ళిన నవల మాత్రం ఇంకా తిరిగి రాలేదు. ఆవిడ పేరు ఎర్రక్షరాల్లో పడుతూనే ఉంది. ట్రై విత్ రిసోర్సెస్ ఆవిడకి కూడా పెట్టకూడదా అంటే, "అది జావాలో లేదు అత్తయ్యగారూ" అంటోంది మా కోడలు.