సుగ్గి గుడారానికి తావు

కర్నూలు జిల్లా పడమటి మండలాలైన నందవరం, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి, వానాకాలపు పనులు ముగిశాక, కుటుంబాలకు కుటుంబాలే కోస్తాలోని గుంటూరు వైపు మిరప కోతలకు తరలిపోతాయి. ఈ వలసనే స్థానికులు సుగ్గి అంటారు. అక్కడ వారాల తరబడి తలదాచుకొనేది పొలాల పక్కన వేసుకొన్న టార్పాలిన్ గుడారాల్లోనే కనుక, బండి దిగగానే తేలవలసింది తావు సంగతే. ఎండితే నెర్రెలు విచ్చి, అకాల వర్షానికి అడుగు తీయనివ్వని నల్లరేగడిలో నీరు నిలవని మెరక దొరకాలి, బిందె మోయగలిగినంత దూరంలో బోరు ఉండాలి, కళ్లం, అనగా కోసిన కాయను ఆరబోసే చోటు, మీదుగా గాలి గుడారాలపైకి వీచకూడదు. వీస్తే ఆ ఘాటుకు పసిపిల్లలు రాత్రంతా దగ్గుతూనే ఉంటారు. నిజానికి ఎంపిక అన్నది పెద్ద మాటే, చాలాసార్లు రైతు చూపిన జాగాయే తావు, కూలీలను కుదిర్చే మేస్త్రీ ముందే వెళ్లి చూసి వస్తే అదే గొప్ప. పిల్లలను సొంత ఊళ్లోని సీజనల్ హాస్టల్లో, అనగా వలస కాలంలో బడి మానకుండా ప్రభుత్వం నడిపే వసతిలో, వదిలి వచ్చినవారికి గుడారం చిన్నదైనా సరిపోతుంది.