ముందూ వెనకా లేని పడవ

హాంకాంగ్‌లో స్టార్ ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డు చేరడానికి పది నిమిషాలు కూడా పట్టదు. అదే పడవకు ఓ చిన్న నమూనా చెయ్యాలనుకుంటే మాత్రం ఆ పది నిమిషాల ప్రయాణం పదిసార్లు చేసినా చాలదు!

చిమ్ షా చుయ్ రేవులో కాసేపు నిలబడితే ఓ చిత్రం కనిపిస్తుంది. ఆకుపచ్చ, తెలుపు రంగుల పడవ వచ్చి రేవుకు ఆనుకుంటుంది. నీలిరంగు నావికుడి దుస్తుల్లో ఉన్న మనిషి పొడవాటి కొక్కెం కర్రతో తాడును అందుకుంటాడు. చెక్కబల్ల దభీమని దిగుతుంది. జనం దిగుతారు, జనం ఎక్కుతారు. బల్ల లేస్తుంది. పడవ బయల్దేరుతుంది. అయితే అది వెనక్కి తిరగదు. వచ్చినప్పుడు వెనక భాగం అనుకున్నదే ఇప్పుడు ముందు భాగం అయిపోతుంది!

అవును, ఈ పడవకు ముందూ వెనకా లేవు. రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. రెండువైపులా చుక్కాని, రెండువైపులా ప్రొపెల్లర్, పైన రెండువైపులా చుక్కాని గదులు. అవతలి రేవు చేరగానే నడిపే మనిషి ఈ గదిలోంచి ఆ గదికి నడిచి వెళ్తాడు. అంతే, పడవ తిరిగినట్టే లెక్క. కిక్కిరిసిన ఓడరేవులో ప్రతిసారీ పడవను గుండ్రంగా తిప్పే శ్రమ, సమయం రెండూ కలిసొస్తాయి.

ప్రపంచంలో అందమైన ఓడలు ఎన్నో ఉన్నాయి. తెరచాపలూ ఫిరంగులూ ఉన్న పాతకాలపు ఓడలకైతే నమూనా కిట్‌లు డబ్బాల్లో దొరుకుతాయి. కొని, జిగురు పూసి అతికించుకోవడమే. కూరగాయల సంచీతో ఆఫీసు నుంచి ఇంటికెళ్లేవాళ్లు ఎక్కే పడవను కిట్ కోసం ఎదురుచూడకుండా ముక్కముక్కా మనమే కొలిచి, గీసి, కోసి చేసుకోవాలి. ఆ పని మొదలుపెట్టాకే ఆ పడవలోనూ, ఆ ఊళ్లోనూ ఏముందో తెలిసింది.

మిఠాయివాలా వేసిన దారి

ఈ పడవల కథ మొదలైంది మనదేశం వాడితోనే. దొరాబ్జీ నౌరోజీ మిఠాయివాలా అనే పార్సీ 1852లో హాంకాంగ్ చేరాడు. టికెట్ లేకుండా ఓడలో దాక్కుని వచ్చాడని చెబుతారు. వంటవాడిగా బతుకు ప్రారంభించి, రొట్టెల వ్యాపారం, హోటళ్లు నడిపే స్థాయికి ఎదిగాడు. అటు హాంకాంగ్ దీవికీ, ఇటు కౌలూన్ ఒడ్డుకూ మధ్య ఆవిరి పడవ తిప్పడం మొదలుపెట్టి, 1888లో కౌలూన్ ఫెర్రీ కంపెనీ పెట్టాడు. పడవలన్నిటికీ నక్షత్రాల పేర్లే. మార్నింగ్ స్టార్, ఈవెనింగ్ స్టార్... ఇలాగన్నమాట. టెన్నిసన్ పద్యం ఒకటి ఆయనకు ఇష్టమనీ, ఆ పేర్లు అందులోంచే వచ్చాయనీ అంటారు. 1898లో కంపెనీ చేతులు మారి స్టార్ ఫెర్రీ అయింది. పేర్ల సంప్రదాయం మాత్రం మారలేదు.

1972లో సముద్రం కింద రోడ్డు సొరంగం, 1980లో మెట్రో రైలు వచ్చేదాకా ఇటువాళ్లు అటు వెళ్లాలంటే పడవే గతి. ఆ పడవ టికెట్ ధర ఎంత ముఖ్యమో 1966లో తెలిసొచ్చింది. పై అంతస్తు టికెట్‌ను 20 సెంట్ల నుంచి 25 సెంట్లకు పెంచుతామంటే ఆ ఏప్రిల్‌లో సో సౌ చుంగ్ అనే యువకుడు సెంట్రల్ రేవులో నిరాహారదీక్షకు కూర్చున్నాడు. అతణ్ని అరెస్టు చెయ్యడంతో కౌలూన్ వీధులు రగిలిపోయాయి, కర్ఫ్యూ పెట్టాల్సి వచ్చింది. అయిదంటే అయిదు సెంట్లు! పడవలో రెండు అంతస్తుల ధరలు నేటికీ వేరే. కింద అంతస్తులో ఇంజిన్ చప్పుడు, డీజిల్ వాసన. పైన గాలి, దృశ్యం. నమూనాలో ఈ రెండూ చూపించడానికి ఒక్కటే దారి: పై అంతస్తుకూ కింద అంతస్తుకూ ఉన్న తేడాలను వదలకుండా చెయ్యడం.

జానతో కొలత

పడవ పొడవు 34 మీటర్లకు దగ్గరగా ఉంటుంది. ఒకటికి యాభై వంతున నమూనా చేస్తే 68 సెంటీమీటర్లు. బల్ల మీద పెట్టుకోవడానికి సరిపోతుంది. అయితే మిగతా కొలతల సంగతేంటి? కిటికీ ఎత్తెంత, కమ్మీల మధ్య దూరమెంత, మెట్లు ఎన్ని?

ఇక్కడ పనికొచ్చేవి మూడు. ఒకటి చిన్న టేపు. రెండు మన జాన. ముందే స్కేలు మీద కొలిచి పెట్టుకుంటే, టేపు తియ్యడం బాగోదనిపించిన చోట చెయ్యి చాపితే చాలు. మూడోది కెమెరా. పక్కనుంచి, పడవ సరిగ్గా ఎదురుగా వచ్చినప్పుడు తీసిన ఫొటో ఉంటే, తెలిసిన ఒక్క కొలతతో తెలియని వందను లెక్కకట్టొచ్చు. ఫొటోలో తలుపు ఎత్తు రెండు సెంటీమీటర్లుండి అసలు తలుపు రెండు మీటర్లని తెలిస్తే, ఆ ఫొటోలో ప్రతి సెంటీమీటరూ ఒక మీటరే కదా. తలుపూ కిటికీ కెమెరాకు ఒకే దూరంలో ఉండాలి, అదొక్కటే జాగ్రత్త.

ముందు, పక్క దృశ్యాలు రేవులోంచే దొరుకుతాయి. మరి పైకప్పు? చిమ్ షా చుయ్ రేవు పక్కనే ఓషన్ టెర్మినల్ ఉంది. దాని చివర మేడ మీద 2017లో తెరిచిన వేదిక నుంచి చూస్తే పడవల నెత్తి కనిపిస్తుంది. సాయంత్రం అక్కడ చేరినవాళ్లంతా సూర్యాస్తమయాన్ని ఫొటోలు తీస్తుంటే, పైకప్పు మీది గాలి గొట్టాలను లెక్కపెట్టే మనిషిని కాస్త వింతగా చూస్తారు. పట్టించుకోకూడదు.

లోపలికెళ్తే అసలు ముచ్చట కుర్చీల్లో ఉంది. వరసల్లో చెక్కబల్లలు. వాటి వీపుబల్లల మీద చిన్న చిన్న రంధ్రాలతో నక్షత్రం గుర్తు. ఆ వీపుబల్ల కదులుతుంది! ఇటు తోస్తే ఇటువైపు ముఖం పెట్టి కూర్చోవచ్చు, అటు తోస్తే అటువైపు. ముందూ వెనకా లేని పడవకు ఇలాంటి కుర్చీలే కావాలి మరి. పడవ ఆగగానే కొత్తగా ఎక్కినవాళ్లు వాటిని టకటకా అటు తోసేసి కూర్చుంటారు. ఎవరూ చెప్పక్కర్లేదు.

కాంక్రీటు ఓడ, కూలిన గడియారం

ఈ పడవల్లో ఎక్కువ భాగం 1956, 1965 సంవత్సరాల మధ్య కట్టినవి. అంటే అరవై ఏళ్లు పైబడినవి. వీటిని ఏ రేవులో కట్టారో చూద్దామని హుంగ్ హోమ్ వెళ్తే అక్కడ హాంకాంగ్ అండ్ వాంపోవా డాక్ కంపెనీ లేదు. 1980ల్లో ఆ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటి నడుమ ఓడ ఆకారంలో ఓ షాపింగ్ భవనం ఉంది. వంద మీటర్లకు పైగా పొడవు. కాంక్రీటు ఓడ! నిజమైన ఓడలు పుట్టిన చోట ఓడ బొమ్మ మిగిలింది. పిల్లలు దాని చుట్టూ ఆడుకుంటున్నారు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ అందులో ఒక్క కొలత కూడా ఏ పడవదీ కాదు.

నమూనా చేసేవాడు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఏ సంవత్సరపు పడవ? ఇది చిన్న ప్రశ్న కాదు. పడవ ఒక్కటే బల్ల మీద పెడితే బోసిగా ఉంటుంది, రేవు కూడా కావాలి. రేవు కావాలంటే సంవత్సరం కావాలి.

కౌలూన్ వైపు ఎర్ర ఇటుకల గడియార స్తంభం ఒకటుంది. 44 మీటర్ల ఎత్తు. 1915 నాటిది. అది ఒకప్పుడు రైల్వే స్టేషన్‌లో భాగం. 1978లో స్టేషన్ కూల్చేశారు, జనం గోల చెయ్యడంతో స్తంభాన్ని మాత్రం వదిలేశారు. ఇప్పుడు ఊరంతా దాని ముందే ఫొటోలు దిగుతుంది. అవతలి ఒడ్డున సెంట్రల్ రేవులోనూ ఒక గడియారం ఉండేది. 1957లో కట్టిన ఎడిన్‌బరా ప్లేస్ రేవు మీద. ఆడంబరం లేని, నలుచదరపు కట్టడం. గంటలు కొట్టే యంత్రం గడియారం. సముద్రాన్ని పూడ్చి రోడ్డు వెయ్యాలని 2006 నవంబరులో ఆ రేవు మూసేశారు. ఆఖరి రోజు రాత్రి వేలమంది వచ్చారు. డిసెంబరులో యువకులు లోపలికి చొరబడి అడ్డం కూర్చున్నారు. అయినా గడియార స్తంభం కూలిపోయింది. కొత్త రేవు ఇంకా ముందుకు, నీళ్లలోకి జరిగింది. చిత్రమేమిటంటే కొత్త రేవును 1912 నాటి రేవు పోలికతో కట్టారు. అంటే యాభై ఏళ్లు నిజంగా ఉన్నదాన్ని తీసేసి, అంతకు ముందెప్పుడో పోయినదాని నమూనా నిలబెట్టారన్నమాట!

ఒక గడియారం ఎందుకు నిలిచింది, ఇంకొకటి ఎందుకు పోయింది? 1915 నాటిది అప్పటికే పాతబడింది, గౌరవం వచ్చింది. 1957 నాటిది ఇంకా వాడకంలో ఉంది. దాని కింద నడిచి రోజూ ఆఫీసుకు వెళ్లినవాళ్లు తలెత్తి చూసింది టైము కోసమే. రోజూ వాడే వస్తువును ఎవరూ కొలవరు. కొలవాలని తోచేసరికి అది ఉండదు.

అందుకే నా నమూనాకు 2006 ఎంచుకున్నాను. పాత రేవు ఫొటోలు జనం దగ్గర దండిగా ఉన్నాయి. ఆఖరి రోజుల్లో అందరూ తీశారుగా! పడవలూ రేపెప్పుడో అదే దారి పట్టవచ్చు. హుంగ్ హోమ్ వెళ్లే సర్వీసులు 2011లో ఆగిపోయాయి. కోవిడ్ కాలంలో పర్యాటకులు రాక కంపెనీ నష్టాల్లో పడింది. 2023లో టికెట్ ధర పెంచారు. పడవలు ఇప్పటికీ తిరుగుతున్నాయి, కొలవడానికి ఇదే మంచి సమయం.

కొండపల్లి కర్రతో హాంకాంగ్ పడవ

ఇలాంటి పనికి విదేశాల్లో బాల్సా కర్ర వాడతారు. మనకు అంతకంటే దగ్గర్లో ఒకటుంది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొనికి. తేలిక, మెత్తన, బాకు పెడితే చెప్పినట్టు వింటుంది. పడవ అడుగు భాగాన్ని పలకలు పలకలుగా కోసి, ఒకదాని మీద ఒకటి అతికించి, మెట్లుగా మిగిలిన అంచులను ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాలి. సందులు పూడ్చడానికి కొండపల్లి కళాకారుల పద్ధతే మేలు. రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన మక్కు. రెండు కొసలూ ఒకేలా రావాలి కాబట్టి అట్టతో ఒకే అచ్చు కోసుకుని, దాన్నే అటూ ఇటూ పెట్టి చూసుకోవాలి. ఇటు సరిపోయి అటు సరిపోలేదంటే మళ్లీ రుద్దుడే.

కమ్మీలకు కరెంటు వైరులోని రాగి తీగ. నాలుగు సెంటీమీటర్ల గొట్టం ఒకటికి యాభై లెక్కన ఒక మిల్లీమీటరు కంటే సన్నం. చెక్క మీద గాళ్లు కోసి, అందులో తీగలు పరిచి టంకం వేస్తే వరసంతా ఒకే తీరున వస్తుంది. పక్కలకు చుట్టిపెట్టిన వాన తెరలకు టీ పొడి నీళ్లలో తడిపిన పల్చటి కాగితం. కుర్చీ ఎత్తు తొమ్మిది మిల్లీమీటర్లు. వీపుబల్ల మీది నక్షత్రం రంధ్రాలు తొలవడం అసాధ్యం, సూదిమొనతో ఒక్కో చుక్కా రంగు పెట్టడమే. రాత్రికి పది కుర్చీలు అయితే గొప్ప.

అన్నీ అయ్యాక కుర్చీలను అతికించేటప్పుడు ఆగిపోవాలి. వీపుబల్లలు ఎటు తిప్పాలి? ఇటు తిప్పితే పడవ సెంట్రల్ వెళ్తోంది. అటు తిప్పితే చిమ్ షా చుయ్ వస్తోంది. ముందూ వెనకా లేని పడవకు దిక్కు చూపించేది చుక్కానీ కాదు, ఇంజినూ కాదు. ఎక్కి కూర్చునే జనం. ఇది పడవలో ఎన్నిసార్లు తిరిగినా తోచదు, చెయ్యబోతేనే తోస్తుంది.

సెంట్రల్ ఏడో నంబరు రేవులో స్టార్ ఫెర్రీ దిగితే, పక్కనే ఎనిమిదో రేవులో హాంకాంగ్ మారిటైమ్ మ్యూజియం ఉంది. 2013 నుంచి అక్కడే. ఓడల నమూనాలు బోలెడు. చూసొచ్చాక అదే పడవలో తిరిగి రండి. అద్దాల పెట్టెలో ఉన్నదానికీ, కాళ్ల కింద కదిలేదానికీ మధ్య పోలికలు వెతుక్కోవచ్చు.

హాంకాంగ్ వెళ్లే వీల్లేదా? మన దగ్గరా ఇలాంటి పని చాలానే ఉంది. 1974లో రోడ్డు-రైలు వంతెన తెరిచేదాకా రాజమండ్రి, కొవ్వూరుల మధ్య రోడ్డు దారిన వచ్చినవాళ్లు గోదావరి దాటింది లాంచీల మీదా పడవల మీదా. వాటిలో ప్రయాణం చేసినవాళ్లు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. బల్లలు అడ్డంగా ఉండేవా, నిలువుగానా? ఆడవాళ్లు ఎక్కడ కూర్చునేవాళ్లు? కట్టిన తాడు ఎవరు విప్పేవాళ్లు? వాళ్లు చేతులు చాపి 'ఇంత వెడల్పు' అని చూపిస్తారు. అప్పుడు టేపు తీసి ఆ చేతుల మధ్య దూరం కొలుచుకోండి.