ఐదు నానోటెస్లాల కొలువు

ఎల్లారెడ్డి పోయినప్పుడల్లా మా మామ అడిగే మాట ఒకటే. "సూర్యుని గాలి అంటవ్ గదరా, అది మన నిజాంసాగర్ దాకా వస్తదా?" రాదు మామా, భూమి అయస్కాంత క్షేత్రం పైనే అడ్డుకుంటది, దాని దెబ్బ మాత్రం ఇక్కడి దాకా తెలుస్తది అంటాను. "మరి నీకెట్ల తెలుస్తది?" అంటాడు. నా జీతం ఆ ప్రశ్నకే.

అయస్కాంత రీడింగుల్లోని చెత్త ఏరడం నా పని. సూర్యుడి నుంచి ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు సౌర పవనంగా సెకనుకు 400 కిలోమీటర్ల చొప్పున, ఒక్కోసారి దానికి రెట్టింపు వేగంతో వస్తుంటాయి. సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్నీ వెంట మోసుకొస్తాయి. మన దాకా వచ్చేసరికి దాని బలం ఐదు నానోటెస్లాల చిల్లర. కామారెడ్డి నేల మీద భూమి సొంత క్షేత్రం 43 వేల పైమాటే.

అంత సన్నటిదాన్ని పట్టాలంటే ముందు మన ఇనుమును, మన కరెంటును దూరం పెట్టాలి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ)లో 1964 నుంచి అయస్కాంత అబ్జర్వేటరీ ఉంది. ఊరు దాని చుట్టూ పెరిగిపోయింది. చౌటుప్పల్‌లో ఇంకోటి నడుస్తోంది. రీడింగు తీసే గదిలోకి వెళ్లేముందు బెల్టు, తాళాలు, ఫోను బయట పెట్టాల్సిందే. జేబులో ఒక్క తాళంచెవి మరిచిపోతే ఆ రీడింగు సూర్యుడిది కాదు, మీ ఇంటి తలుపుది.

ఆకాశంలోనూ అదే తంటా. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో సూర్య పరిశోధక నౌక ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని కక్ష్యకు చేరింది. తర్వాత ఐదు రోజులకు ఆరు మీటర్ల చేయి చాపింది. చివర అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ఒక మాగ్నెటోమీటర్, మూడు మీటర్ల దగ్గర మరొకటి. నౌకలోని వైర్ల ప్రభావం దగ్గరిదానికి ఎక్కువ, దూరందానికి తక్కువ. ఆ తేడాతో నౌక వాటా లెక్కగట్టి తీసేస్తారు. మిగిలిందే సౌర పవనానిది. రెండో సెన్సర్ దండగ అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చేసి చూడాలి.

ఈ రీడింగుల గీతల్లో నాకు ఇష్టమైనవి అల్ఫ్వేన్ తరంగాలు. 1942లో స్వీడన్ శాస్త్రవేత్త హానెస్ అల్ఫ్వేన్ వీటిని కాగితం మీదే ఊహించాడు. నోబెల్ 1970లో వచ్చింది. బిగించిన తీగను మీటినట్టు క్షేత్ర రేఖలు ఊగుతాయి. దిక్కు మారుతుంది, బలం పెద్దగా మారదు, కణాల వేగమూ దాంతోపాటే ఊగుతుంది. మూడూ కుదిరితేనే తరంగం అని సంతకం పెడతాను. అందుకే ఆదిత్యలోనే కణాలను లెక్కించే ఆస్పెక్స్, పాపా పరికరాల గీతలు పక్కనే ఉండాలి. ఒక్క మాగ్నెటోమీటర్‌ను నమ్మి తీర్పు చెప్పకూడదు.

ఊగుతూ ఊగుతూ సౌర పవన క్షేత్రం దక్షిణానికి తిరిగినప్పుడే మనకు గండం. భూమి క్షేత్రంతో అతుక్కుని లోపలికి దారి ఇస్తుంది. వేగం గురించి పత్రికలు హడావిడి చేస్తాయి గానీ, నన్నడిగితే దిక్కే ముఖ్యం. 2024 మే 10న సూర్యుడి నుంచి వరసగా ఎగిసిపడ్డ ప్లాస్మా ముద్దలు భూమిని తాకాయి. భూమధ్యరేఖకు అటూఇటూ భూమి క్షేత్రం దాదాపు 400 నానోటెస్లాలు పడింది. లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబడింది.

కామారెడ్డి డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్స్ చదివే పిల్లలకు ఒక మాట. ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే ఆదిత్య డేటా ఉచితం. మాగ్నెటోమీటర్ ఒక రోజు ఫైలు తెచ్చుకుని క్షేత్రం ఉత్తర-దక్షిణ భాగానికి గీత గీయండి. సున్నా కిందికి ఎప్పుడు దిగిందో గుర్తు పెట్టండి. సుమారు గంట తర్వాత భూమి మీద ఏమైందో వెతకండి.