ఒకే ఇంట్లో రెండు షుగర్లు

డెట్రాయిట్ శివార్లలోని ఆ తెలుగువారింట్లో మొన్నమొన్నటి దాకా ఫ్రిజ్ తలుపు మీద రెండు కాగితాలుండేవి. ఒకటి, 2024 నవంబరులో గుడివాడ నుంచి ఆరు నెలలుందామని వచ్చిన అమ్మమ్మగారి షుగర్ మాత్రల చీటీ. రెండోది నూడుల్ మందుల చీటీ. ఆవిడకి షుగర్ పెరక్కుండా చూడాలి. దానికేమో పడిపోకుండా చూడాలి!

నూడుల్ అంటే ఫెర్రెట్. మనవాళ్లెవరు చూసినా ముంగిస అనే అనుకుంటారు. అమ్మమ్మగారు మొదటిరోజు హడలిపోయి ‘ఇక్కడ పాములు కూడా తిరుగుతాయేంటే?’ అని కూతుర్ని అడిగారట. నిజానికి ఇది ముంగిస జాతి కాదు. మన కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టుకు తినే నీటికుక్కలకి దూరపు చుట్టం. కుందేళ్ల బొరియల్లోకి వదిలి వేటాడించడానికి ఐరోపాలో 2 వేల ఏళ్ల కిందటి నుంచే దీన్ని పెంచుతున్నారు. కిలో బరువు, సాగదీసినట్టుండే ఒళ్లు, దొంగబుద్ధి. దాని పేరుకి మూలమైన లాటిన్ మాటకి అర్థమే ‘చిట్టిదొంగ’. 2018లో 13 ఏళ్ల కూతురు పట్టుబట్టి కొనిపించుకున్నది మొదలు ఆ ఇంట్లో జత కుదిరిన సాక్సులు లేవు.

2023లో ఆ పిల్లకి కాలిఫోర్నియాలో కాలేజీ సీటొచ్చింది. ఆ రాష్ట్రంలో ఫెర్రెట్లని పెంచుకోవడం నిషిద్ధం. పిల్ల వెళ్లింది, నూడుల్ ఉండిపోయింది. అప్పటిదాకా ‘నీ జంతువు సంగతి నువ్వే చూసుకో’ అన్న తల్లే అన్నీ చూసుకోవాల్సొచ్చింది. జబ్బులూ అప్పుడే మొదలయ్యాయి.

ముందు తోక దగ్గర బొచ్చు రాలింది. అడ్రినల్ గ్రంథి జబ్బన్నారు. అమెరికాలో దుకాణాలకి వచ్చే ఫెర్రెట్లకి సాధారణంగా కొద్ది వారాల వయసులోనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేస్తారు. దాంతో మెదడు నుంచి వెళ్లే హార్మోన్ సంకేతాలు అడ్డూ అదుపూ లేకుండా ఏళ్ల తరబడి అడ్రినల్ గ్రంథుల్ని రెచ్చగొడతాయి. చివరికి అక్కడ కణితి లేస్తుంది. మనిషి సౌకర్యం కోసం చేసిన పనికి ముసలితనంలో అది వడ్డీ కడుతుందన్నమాట. భుజాల మధ్య చర్మం కింద చిన్న ఇంప్లాంట్ పెట్టించారు. బొచ్చు తిరిగొచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే రెండోది.

2024 అక్టోబరులో ఓ ఉదయం నూడుల్ నడుస్తూ నడుస్తూ ఆగిపోయి గోడకేసి చూస్తూ ఉండిపోయింది. నోట్లోంచి చొంగ. ముందుకాళ్లతో మూతి గీరుకుంటోంది. వెనక కాళ్లు ఈడుస్తోంది. పరీక్ష చేస్తే షుగర్ 48. మామూలుగా 90 నుంచి 120 దాకా ఉండాలి. క్లోమంలో కణితులు, అక్కర్లేకపోయినా ఇన్సులిన్ పోసేస్తున్నాయి. రోజుకి రెండుసార్లు స్టెరాయిడ్ సిరప్, నాలుగ్గంటలకోసారి తిండి.

అమ్మమ్మగారికి ఇది వింతగా తోచింది. ‘లో షుగరే కదటే, చెంచాడు పాయసం నాకిస్తే సరిపోదూ?’ అన్నారు. ఎవరైనా అలాగే అంటారు. కానీ తీపి తగిలితే ఆ కణితులు రెచ్చిపోయి మరింత ఇన్సులిన్ కుమ్మరిస్తాయి. కాసేపటికి షుగర్ మునుపటికన్నా కిందికి దిగుతుంది. మరీ సోలిపోయినప్పుడే చిగుళ్లకి కాస్త తేనె రాయాలి, తేరుకోగానే మాంసం పెట్టాలి. తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికొచ్చేసే మాంసాహారి అది. రాత్రి పూటా తప్పదు. జెట్‌లాగ్ పుణ్యమా అని రెండు గంటల డ్యూటీ అమ్మమ్మగారు తీసుకున్నారు. జన్మలో గుడ్డు ముట్టని మనిషి, చికెన్ ముద్ద గోరువెచ్చగా చేసి వేలితో నాకించేవారు. తర్వాత చేతులు ఎన్నిసార్లు కడుక్కునేవారో!

2025 ఫిబ్రవరిలో గుండె కండరం బలహీనపడిందని తేలింది. ఊపిరితిత్తుల్లో నీరు. ఆ నీరు తీయడానికో మందు. షుగర్ నిలబెట్టే స్టెరాయిడేమో ఒంట్లో నీరు పట్టించే రకం. ఇంట్లో పెద్దవాళ్లకి మందులిచ్చేవాళ్లకి ఈ తగువు కొత్తేం కాదు. కాకపోతే పెద్దవాళ్లు ఆయాసంగా ఉందని నోటితో చెబుతారు.

డాక్టరు మెల్లగా, నిద్రపుచ్చే మాటెత్తింది. పరీక్షలై మే నెలలో తనొచ్చేదాకా ఆగమని పిల్ల ఫోన్లో ఏడ్చింది. తండ్రి ఖర్చు లెక్క ఓసారి చెప్పి, మళ్లీ ఎత్తలేదు. తల్లి క్యాలెండర్ మీద గుర్తులు పెట్టడం మొదలెట్టింది. సొంతంగా తిని, సొరంగం బొమ్మలోకి దూరిన రోజు టిక్కు. లేవని రోజు అడ్డగీత. మార్చిలో టిక్కులే ఎక్కువ. ఏప్రిల్ రెండో వారంలో వరసగా ఐదు గీతలు పడ్డాయి.

‘దాని కోసం ఆపుతున్నావా, పిల్ల కోసమా?’ అనడిగారు అమ్మమ్మగారు.

తల్లి జవాబు చెప్పలేదు. కూతురికి ఫోన్ చేసి, మే దాకా కుదరదు, ఈ శుక్రవారమే రమ్మంది. పిల్ల రాత్రి విమానానికొచ్చి, తెల్లార్లూ దాన్ని స్వెట్టర్‌లో చుట్టుకుని సోఫాలోనే కూర్చుంది. శనివారం పదకొండింటికి ముగ్గురాడవాళ్లూ కలిసే ఆసుపత్రికి వెళ్లారు. సోమవారం పరీక్ష ఉందని పిల్ల మర్నాడే వెళ్లిపోయింది.

అమ్మమ్మగారికి తిరుగు ప్రయాణం దాకా రాత్రి రెండింటికి మెలకువ వస్తూనే ఉండేది.