నాన్నగారి బండి

మా ఊరు రాయచూరు జిల్లా సింధనూరు తాలూకాలోని ఒక క్యాంపు. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి, ఎడమ కాలువకు నీళ్లు వచ్చాక, గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఎంతోమంది రైతులు ఈ ప్రాంతానికి వచ్చి భూములు కొనుక్కున్నారు. పొలాల పక్కనే గుడిసెలు వేసుకొని స్థిరపడ్డారు. ఆ గుడిసెల గుంపులే క్యాంపులయ్యాయి. మా తాతగారు అలా వచ్చినవారే.

ఆ రోజుల్లో క్యాంపు నుంచి సింధనూరు పోవాలంటే ఎడ్లబండే గతి. వాన పడితే నల్లరేగడి బురదలో ఆ బండి చక్రమూ కదిలేది కాదు. అలాంటి చోటికి 1978లో మా నాన్నగారు ఒక యెజ్డీ మోటారు సైకిలు కొని తెచ్చారు.

అది మన రాష్ట్రంలో, మైసూరులో తయారైన బండి. దాని పుట్టుక మాత్రం చాలా దూరాన జరిగింది. 1929లో చెకోస్లొవేకియాలో జానెచెక్ అనే ఆయన వాండరర్ అనే సంస్థ నుంచి మోటారు సైకిళ్ల తయారీ హక్కులు కొన్నాడు. తన పేరులోని మొదటి అక్షరాన్నీ, ఆ సంస్థ పేరులోని మొదటి అక్షరాన్నీ కలిపి తన బండికి 'జావా' అని పేరు పెట్టాడు. 1961లో మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం అవే బండ్లను మన దేశంలో తయారు చేయడం మొదలుపెట్టింది. 1973 నుంచి వాటికి యెజ్డీ అనే పేరు వచ్చింది. 1996లో ఆ కర్మాగారం మూతపడింది.

యెజ్డీలో ఒక విచిత్రం ఉంది. గేరు మార్చే కడ్డీనే కొంచెం నొక్కి తిప్పితే, అదే కిక్కు కొట్టే కడ్డీ అవుతుంది. కొత్తవాళ్లు తికమకపడుతుంటే నాన్నగారు నవ్వుకొనేవారు. సాయంత్రం కాలువ గట్టు మీద ఆ రెండు పొగ గొట్టాల చప్పుడు వినగానే అమ్మ కంచం పెట్టేది. నాన్నగారు కాళ్లు కడుక్కొని వచ్చేసరికి అన్నం వడ్డించి ఉండేది.

ఒక వర్షాకాలం రాత్రి పొరుగింటి పిల్లవాడిని పాము కరిచింది. నాన్నగారు వాణ్ణి తనకూ వాళ్ల నాన్నకూ మధ్య కూర్చోబెట్టుకొని సింధనూరు ఆసుపత్రికి తీసుకుపోయారు. పిల్లవాడు బతికాడు. తెల్లవారుజామున ఒంటరిగా తిరిగి వస్తూ నాన్నగారు బురదలో జారిపడ్డారు. పెట్రోలు ట్యాంకుకు సొట్ట పడింది. ఆ సొట్టను ఆయన ఎన్నడూ తీయించలేదు.

నేను చదువు ముగించి బెంగళూరులో ఉద్యోగంలో చేరాను. నాన్నగారికి మోకాళ్లు సహకరించని రోజులు వచ్చాయి. సెలవులకు వెళ్లినప్పుడల్లా, "ఒరేయ్, ఒకసారి బండి స్టార్టు చేసి కాలువ దాకా తిప్పుకొని రారా" అనేవారు. "వచ్చేసారి చూద్దాం నాన్నగారూ" అనేవాణ్ణి. అలా ఎన్ని 'వచ్చేసారులు' గడిచాయో లెక్కలేదు. ఒకసారి వెళ్లేసరికి అడగడానికి ఆయన లేరు.

అమ్మ ఆ బండికి ప్లాస్టిక్ పట్టా కప్పి, తాళ్లతో గట్టిగా బిగించి, పశువుల కొట్టంలో ఒక మూల పెట్టించింది. దుమ్ము పడకూడదని ఆమె తాపత్రయం. ఆరేళ్ల తరువాత పాత ఇనుము కొనేవాడు వచ్చి బేరమాడాడు. అమ్మ అవుననలేదు, కాదనలేదు. నా ముఖం వంక చూసింది. నేను వెళ్లి పట్టా విప్పాను.

లోపల చూసి నా మనసు చివుక్కుమంది. పట్టా కింద చేరిన తేమ బయటికి పోయే దారి లేక, మెరిసే భాగాలన్నీ తుప్పు పట్టాయి. పొగ గొట్టంలో ఎలుకలు గూడు కట్టాయి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరైపోగా అడుగున జిగురు పేరుకొంది. అమ్మ ప్రేమతో కప్పింది. నేను బద్ధకంతో వదిలేశాను. తుప్పుకు రెండూ ఒకటే.

సింధనూరులో పాత బండ్లు బాగుచేసే ముసలి మెకానిక్ ఒకాయన దొరికాడు. ఆయన తొందరపడలేదు. బిగుసుకుపోయిన పిస్టను మీదికి ప్లగ్గు రంధ్రం గుండా డీజిలు పోసి వారం రోజులు అలాగే ఉంచాడు. "బలం చూపితే విరుగుతుందప్పా, ఓపిక పడితే వదులుతుంది" అన్నాడు. జిగురు కడిగేశాక ట్యాంకులో చింతపండు పులుసు నింపి తుప్పు వదిలించాము. తరువాత నీళ్లతో కడిగి, ఎండలో తడి లేకుండా ఆరబెట్టాము. కార్బురేటరు విప్పి, సన్నని రంధ్రాలలో అడ్డుపడిన జిగురు తీశాము. కొన్ని భాగాల కోసం నేను రాయచూరు, బళ్లారి, బెంగళూరు పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగాను. రంగు వేసే ముందు, "ఈ సొట్ట సరిచేయనా?" అని మెకానిక్ అడిగాడు. వద్దన్నాను.

మూడు నెలలకు బండిని ఇంటికి తెచ్చాను. ఈసారి దాన్ని నిలిపిన తీరు వేరు. టైర్ల మీద బరువు పడకుండా నడిమి స్టాండు వేశాను. పైన పలుచని నూలు గుడ్డ కప్పాను, గాలి ఆడాలి కదా! చాలాకాలం కదిలించనప్పుడు పెట్రోలు తీసేసి, పొగ గొట్టాలకు గుడ్డ కుక్కుతాను. తీసిన పెట్రోలును ఇంట్లో ఉంచను. అది నిప్పుకు చుట్టం. ఊళ్లో ఉన్నప్పుడల్లా ఇంజను బాగా వేడెక్కేదాకా బండి నడుపుతాను. ఉత్తినే ఒక నిమిషం మోగించి ఆపితే గొట్టంలో తడి చేరుతుంది.

ఇంటికి తెచ్చిన ఆ సాయంత్రం కాలువ దాకా వెళ్లాను. గట్టు మీద కాసేపు ఆగి వెనక్కి తిరిగాను. నాన్నగారు అడిగిన పని అంతే. పావుగంట కూడా పట్టలేదు.

వాకిట్లో బండి ఆపి లోపలికి వెళ్లాను. అమ్మ ఏమీ మాట్లాడలేదు. పీట వేసి ఉంది. కంచంలో అన్నం వడ్డించి ఉంది.