అమ్మీ పుట్టిన ఏడు

మా ఇంట్లో ఆకుపచ్చ రంగు ట్రంకుపెట్టె ఒకటుంది. అబ్బా పెళ్లినాటిది. ఇంటిపన్ను రసీదులు, పాత రేషన్ కార్డులు, నా పదో తరగతి మార్కుల లిస్టు, అబ్బా డెత్ సర్టిఫికెట్, అన్నీ ఒకే పాత గుడ్డలో మూటగట్టి ఉంటాయి. రంజాన్‌కి ముందు ఇల్లు దులిపేటప్పుడు తప్ప దాని జోలికి ఎవరూ పోరు. మొన్న పెన్షన్‌కి అమ్మీ వేలిముద్ర పడలేదు. ఆధార్ సరిచేయించాలి అన్నారు. పెట్టె కిందికి దించాను.

వంటింట్లోంచి అమ్మీ తొంగి చూసింది.

"మళ్లీ కాగజ్ అడుగుతున్నార్రా?"

ఆ 'మళ్లీ' దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

నేను రాజమండ్రిలో ఒక తెలుగు పత్రికలో సబ్ఎడిటర్ని. ఇంట్లో ఉర్దూ, ఆఫీసులో తెలుగు. 2019 ఆగస్టు 31న అస్సాం పౌరుల జాబితా వచ్చింది. 19 లక్షల మంది పేర్లు అందులో లేవు. ఆ వార్త దిద్దింది నేనే. దూరపు వార్త కదా, లోపలి పేజీలో సర్దేశాను. ఆ డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31 లోపు వచ్చిన హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు, క్రైస్తవులు. ఆరు పేర్లున్నాయి. మా పేరు లేదు. పొద్దున లేస్తే ఒకరినొకరు తిట్టుకునే మన రాష్ట్రం పెద్ద పార్టీలు రెండూ పార్లమెంటులో ఆ బిల్లును బలపరిచాయి. ఆ వార్తకీ హెడ్డింగు పెట్టి, తప్పులు దిద్ది, అర్ధరాత్రి ఇంటికొచ్చి పడుకున్నాను.

జనాభా రిజిస్టరులో ఈసారి తల్లిదండ్రులు ఎక్కడ పుట్టారో, ఏ తేదీన పుట్టారో కూడా అడుగుతారన్న వార్త వచ్చిన రోజు మాత్రం నిద్ర పట్టలేదు. తెల్లారకముందే పెట్టె దించాను.

అమ్మీ పేరు ఒక కార్డులో చివర 'బీ', ఇంకోదాంట్లో 'బేగం', ఓటరు లిస్టులో 'బీబీ'. ఆధార్‌లో పుట్టినరోజు 1955 జనవరి 1. ఎవరిచ్చారు ఆ తేదీ? ఆధార్ తీసిన కుర్రాడు ముఖం చూసి వేసుకున్నాడు. పక్కింటి మామ్మగారిదీ జనవరి 1నే. ఆవిడకది నవ్వులాట. "మీ అమ్మా నేనూ కవల పిల్లలం నాయనా" అంటుంది. మాకు నవ్వు రావడం లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

అమ్మీని ఎదురుగా కూచోబెట్టి అడగడం మొదలుపెట్టాను. ఏ నెల? ఏ ఊళ్లో? ఎవరైనా రాసిపెట్టారా? బడి సర్టిఫికెట్ ఏదీ? నా గొంతు నాకే ఆఫీసరు గొంతులా వినబడుతోంది. అయినా ఆపలేదు. చివరికి అమ్మీ అంది:

"కాగజ్ నై తో మై పైదాచ్ నై హుయీ క్యా రే?"

కాగితం లేకపోతే నేను పుట్టనే లేదా అని. నేను తలెత్తలేదు.

చట్టం చదివాను. 1950 జనవరి 26 తర్వాత, 1987 జూలై 1కి ముందు ఈ దేశంలో పుట్టినవాళ్లు పుట్టుకతోనే పౌరులు. అమ్మీ, నేను అందులోకి వస్తాం. ఆ తర్వాత పుట్టినవాళ్లకి తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవాళ్లకైతే ఒకరు పౌరులైతే చాలదు, రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదు. నా కూతురు 2007లో పుట్టింది. ఒక్క ఇల్లు, ఒక్క పొయ్యి, రెండు రూల్సు. ఎవరే రూలు కిందికి వచ్చినా, ఇక్కడే పుట్టానని చూపించమంటే ఏం చూపించాలి?

అమ్మీ పుట్టిన ఊరు వైనతేయ పాయ ఒడ్డున ఒక లంక. అక్కడికి వెళ్లాను. ఆ రోజుల్లో జనన మరణాలు గ్రామ మునసబు రాసేవాడు. 1984లో మునసబులనీ, కరణాలనీ ప్రభుత్వం తీసేసింది. ఆ రిజిస్టరు ఎక్కడికి పోయిందో చెప్పేవాడు లేడు. నానా ఇంట్లో ఏవైనా కాగితాలుంటే అవి 1986 వరదలో పోయాయి. ఆ ఏడు భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు వచ్చింది. లంకల్లో ఏ కులంవాడి పెట్టె మాత్రం మిగిలింది?

పేటలో ఒక పెద్దావిడ నన్ను చూసి లేచొచ్చింది. "మీ అమ్మ వరదేడు పుట్టింది బాబూ. యాభైమూడు వరద. ఏటిగట్టు మీద పాకలో పురుడు పోసింది మా అమ్మే. నాకప్పుడు పదేళ్లు, వేణ్ణీళ్లు నేనే మోశాను." నా చెయ్యి పట్టుకుని టీ తాగేదాకా వదల్లేదు. అమ్మీ పుట్టుకకి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కానీ దాని మీద స్టాంపు లేదు.

లెక్కేసి చూశాను. 1953 ఆగస్టులో అమ్మీ పుట్టింది మద్రాసు రాష్ట్రంలో. రెండు నెలలు నిండకుండానే, అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం. మూడేళ్లకి ఆంధ్రప్రదేశ్. 2014లో అదీ రెండయింది. 2015లో రాజమండ్రి రాజమహేంద్రవరం అయింది. 2022లో తూర్పుగోదావరి జిల్లాని విడగొడితే అమ్మీ పుట్టిల్లు కోనసీమ జిల్లాలోకి, మా ఇల్లు కొత్త తూర్పుగోదావరిలోకి వెళ్లాయి. అమ్మీ మాత్రం పెళ్లికి ఒకసారి గోదావరి పాయ దాటింది, అంతే. కదిలింది సర్కారు, రుజువు చూపించాల్సింది అమ్మీ.

2020 జూన్‌లో మన అసెంబ్లీ ఆ కొత్త ప్రశ్నలు వద్దని తీర్మానం చేసింది. కోవిడ్ వచ్చి అన్నీ ఆగాయి. జనం మర్చిపోయారు. 2024 మార్చిలో పౌరసత్వ చట్టానికి నిబంధనలు వచ్చాయి. 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు 2027లో జరుపుతామని 2025లో నోటిఫికేషన్ ఇచ్చారు. జనాభా లెక్కలంటే భయపడాల్సిన పని లేదని ఆఫీసులో అందరికీ చెప్పేది నేనే. మనల్ని లెక్కపెట్టాలి, మన కులాలు, మన పేదరికం లెక్కలోకి రావాలి అంటాను. అది నిజమే. మరి తలుపు తట్టిన చప్పుడికి అమ్మీ పెట్టె వైపు చూడ్డం కూడా నిజమే.

ఆధార్ సరిచేయించే చోట అమ్మీ వేళ్లని కొబ్బరినూనెతో రుద్ది, తుడిచి, మూడోసారి పెడితే ముద్ర పడింది. పుట్టిన తేదీ మార్చాలా అని అక్కడి అమ్మాయి అడిగింది. రుజువు ఏదైనా ఉందా అంది. లేదన్నాను. జనవరి 1 అలాగే ఉంది.

ఇంటికొచ్చాక నా కూతురు నోట్‌బుక్కు తీసుకుని నానమ్మ పక్కన చేరింది. ఏటిగట్టు, పాక, వేణ్ణీళ్లు మోసిన పిల్ల, అన్నీ రాసుకుంటోంది. అది ఏ ఆఫీసులోనూ చెల్లదని దానికీ తెలుసు. నేను పెట్టె మళ్లీ అటక మీద పెట్టేశాను.

లెక్కలవాళ్లు వచ్చినప్పుడు అమ్మీ వయసు అమ్మీనే చెబుతుంది. ఈసారి నేను ఎదురుగా కూచోను. పక్కన కూచుంటాను.